అవతలి వైపు మనిషి

ఆమె నీటి సరఫరా కార్యాలయంలో చేరిన కొత్తలో అత్తగారు గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో అంది: "మా కోడలు కుళాయిలు తిప్పే ఉద్యోగం సంపాదించింది." ఎగతాళికే అన్నా, అందులో నిజం లేకపోలేదు.

ఊరికి నీళ్లు తోడి పంపే పంపుహౌసులు ఊళ్లో ఉండవు. గుట్టల మీద, వాగుల పక్కన, బస్సు మొహం చూడని చోట్ల ఉంటాయి. వాటిని కార్యాలయం మూడో అంతస్తులోని ఒక గదిలో కూర్చుని కంప్యూటర్ మీద నడపడం ఆమె పని. దుమ్ము రాకూడదని ఆ గది బయటే చెప్పులు విడిచి వెళ్లాలి. యంత్రాలకి చల్లగా ఉండాలని మనుషుల్ని వణికించేవారు. ఆమె వేసవిలో కూడా భుజాల చుట్టూ శాలువా కప్పుకునే పనిచేసేది.

ప్రతి పంపుహౌసులోనూ గోడకి ఒక ఇనుప పెట్టె ఉండేది. మోటారు నుంచి, వాల్వుల నుంచి, ట్యాంకులో నీటిమట్టం చూసే మీటరు నుంచి తీగలన్నీ వచ్చి ఆ పెట్టెలో కలిసేవి. ఆమె తన కుర్చీలోంచి ఆ పెట్టె అడ్రసు కొట్టి, పాస్‌వర్డ్ ఇస్తే తెరమీద ఆ పంపుహౌసు బొమ్మ తెరుచుకునేది. ఇక్కడ ఒక మీట నొక్కితే ఎక్కడో గుట్ట మీద మోటారు లేచేది. ఇంకోటి నొక్కితే ఆగేది. అన్నీ సవ్యంగా ఉంటే ఆకుపచ్చ చుక్క, లైను తెగితే ఎర్ర చుక్క. ఆ చుక్కల వెనక ఉన్న పంపుల్లో ఒక్కదాన్నీ ఆమె కళ్లతో చూడలేదు.

చుక్క ఎర్రబడితే చాలాసార్లు కారణం ఒకటే. ఆ పెట్టె బిగుసుకుపోయేది. ఎన్ని ఆజ్ఞలు పంపినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అప్పుడు అక్కడ కాపలా ఉన్న మనిషికి ఫోన్ చేసి, పెట్టె స్విచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేయమనాలి. అందుకోసం ప్రతి పంపుహౌసుకీ ఒక కాపలాదారు ఉండేవాడు; కుటుంబంతో అక్కడే ఉండడానికి అతనికో గది ఇచ్చారు.

అన్నింటికన్నా ఎక్కువ మొరాయించేది ఏడో నంబరు. చేరిన వారంలోనే ఆమె అక్కడికి ఫోన్ చేసింది.

"సార్, ఏడో నంబరు పంపుహౌసేనా అండీ?"

"సారు ఎవరూ లేరమ్మా ఇక్కడ. నేను కాపలావాణ్ణి. ఏంటి, అల్లుడు మళ్లీ అలిగాడా?"

"అల్లుడేంటండీ?"

"ఆ పెట్టేనమ్మా. తినడం, కూర్చోవడం, చీటికీ మాటికీ అలగడం. అల్లుడు కాకపోతే ఇంకేంటి?"

ఆ చల్లటి గదిలో ఆమె పైకి నవ్వేసింది. పక్క కుర్చీ ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. స్విచ్చి ఆగింది, మళ్లీ పడింది, చుక్క పచ్చబడింది. "లేచాడా?" అని అడిగింది ఫోన్లో గొంతు. "లేచాడండీ," అంది ఆమె.

కొన్నాళ్లకి ఆయన ఆమెకి బాబాయి అయ్యాడు. ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. ఆయన మటుకు రెండో ఫోన్ నుంచే 'తల్లీ' అని పిలిచేవాడు. ఆమె భర్త మందుల కంపెనీ ప్రతినిధి; వారంలో సగం రోజులు పొరుగూళ్లలోనే. అత్తగారితో మాట్లాడితే మాటకి మాట పెరిగేది. ఇక పనిలో పక్క కుర్చీ ఆయనకి తన మోకాళ్ల నొప్పులు తప్ప వేరే ప్రపంచం లేదు. అందుకని రోజులో ఆమె మనసు విప్పి మాట్లాడే మాటలు ఏవైనా ఉంటే అవి ఏడో నంబరుతోనే. అల్లుడు అలిగితే ఆమెకి చిరాకు వేయడం మానేసింది.

బాబాయి భార్యకి ఏళ్ల తరబడి మోటారు రొదలో ఉండి ఉండి చెవులు మందగించాయి. ఫోన్లో ఆమె చెప్పిన ప్రతిదాన్నీ ఆయన వెనక్కి తిరిగి భార్యకి అరిచి చెప్పేవాడు. "ఇవాళ జ్వరమంట! అయినా పనిలోకి వచ్చిందంట!" ఆవిడ ఏదో అనేది. "కషాయం తాగమంటోంది తల్లీ మీ పిన్ని." ఆమె కాన్పుకి సెలవు పెట్టినన్నాళ్లూ బాబాయి కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, "మా అమ్మాయి ఏమైనా చెప్పి పంపిందా?" అని అడిగేవాడట. మీ అమ్మాయెవరని పక్క కుర్చీ ఆయన తికమకపడేవాడట. ఆమె పనిలోకి తిరిగొచ్చిన రోజు బిడ్డ ఏడుపుని తన ఫోన్లో రికార్డు చేసుకొచ్చి ఆయనకి వినిపించింది. ఆయన ఫోన్ భార్య చెవికి ఆనించినట్టున్నాడు. తర్వాత ఆవిడ గొంతు దూరంగా వినిపించింది: "ఆడపిల్లే! ఏడుపులోనే తెలుస్తోంది, పెంకిది!" చెవిటి మనిషికి ఏం వినపడిందో ఏమో కానీ, పుట్టింది ఆడపిల్లే.

"ఒకసారి వచ్చి చూసిపో తల్లీ. ఇక్కణ్ణించి చూస్తే ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది," అనేవాడు ఆయన.

"వస్తాను బాబాయ్. ఈ ఎండలు తగ్గనీ."

ఎండలు తగ్గేవి. వానలు వచ్చేవి. ఆ తర్వాత చలి. ఆమె వెళ్లలేదు. వెళ్లాలనుకున్నదే గాని, గొంతు రోజూ చెవిలో ఉన్నప్పుడు మనిషిని చూడ్డానికి తొందరేముందిలే అనిపించేది.

కొత్తగా వచ్చిన పెద్దసారు ఒక రోజు అందర్నీ మీటింగుకి పిలిచాడు. ప్రతి పనికీ "ఇది ఎందుకు?" అని అడగడం ఆయన అలవాటు. పంపుహౌసుల సంగతి వచ్చినప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"ఇక్కడి నుంచే అన్నీ నడుపుతున్నాం కదమ్మా. మరి పైన కాపలాదారులు చేసేదేంటి?"

"పెట్టె బిగుసుకుపోతే ఆపి మళ్లీ వేయాలి కదా సార్. ఆ పని ఇక్కణ్ణించి కుదరదు. పెట్టే మన మాట విననప్పుడు దానికెలా చెప్తాం?"

"ఎలాగూ కుదరదా?"

అక్కడ ఆమె ఆగి ఉండాల్సింది. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి తెలుసు. తెలిసిన జవాబు నోట్లో ఆగడం కష్టం. పైగా ఇన్నేళ్లలో ఆ కార్యాలయంలో ఆమెని ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. లేచి బోర్డు మీద బొమ్మ గీసింది. పెద్ద పెట్టె పక్కన ఒక చిన్న పెట్టె పెట్టాలి. దానికి విడిగా ఒక సిమ్ కార్డు ఉండాలి. పెద్ద పెట్టె లైనుతో దానికి సంబంధం ఉండకూడదు. పెద్దది బిగుసుకుంటే మనం చిన్నదానికి చెప్తాం, అది పెద్దదానికి కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. అంతే సార్, చాలా తేలిక.

"భలే! ఇంత తేలికైన పనికి ఇన్నాళ్లూ అంతమందిని పోషించామా?" అన్నాడు పెద్దసారు. "అయితే ఇక పైన మనుషులెందుకు?"

అప్పుడు తెలిసింది ఆమెకి తాను ఏం గీసిందో. చేతిలో మార్కరు మూత పెట్టడం మర్చిపోయి, "మనుషులు ఉంటే మంచిదే కదా సార్..." అని నీళ్లు నమిలింది.

"దేనికి?"

ఆ 'దేనికి'కి ఆమె దగ్గర ఆ క్షణంలో ఒక్క జవాబూ లేకపోయింది. ఇంటికెళ్లే బస్సులో కూర్చున్నాక మాత్రం ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. మోటారు కాలిన వాసన పెట్టెకి తెలియదు. పైపు చెమర్చడం మీటరుకి కనపడదు. అక్కడున్న మనిషికి అదే ఇల్లు. జవాబులన్నీ బస్సులోనే దొరికాయి, బస్సులోనే ఉండిపోయాయి.

రెండు మూడు నెలల్లో చిన్న పెట్టెలు వచ్చాయి. వాటిని కాపలాదారుల చేతే బిగింపించమన్నాడు పెద్దసారు. మనవాళ్లని పంపితే ఎప్పటికి తెములుతుంది? ఫోన్లో చెప్పు, వాళ్లే బిగిస్తారు. ఏంటని అడిగితే కొత్త మీటరని చెప్పు. ఇప్పుడే గొడవలెందుకు?

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్తతో అంది, "నావల్ల కాదని చెప్పేస్తాను."

"నువ్వు కాదంటే ఇంకొకళ్లు చేస్తారు. ఆ కాపలావాడేమైనా నీకు మేనమామా?"

"బాబాయి."

"ఫోన్లో బాబాయా!" అని నవ్వాడు భర్త. అత్తగారు కోడలి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. ఎప్పుడూ నోరు మూసుకోని మనిషి ఆ పూట ఊరుకుంది. 'చెయ్యొద్దు' అని ఒక్కరు అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ చెయ్యొద్దని తనకి తానే చెప్పుకోలేని మనిషి ఇంకొకరు చెబితే వినేదా అన్నది వేరే సంగతి.

ఏడో నంబరుకి ఆమె అన్నింటికన్నా ఆఖరున ఫోన్ చేసింది.

"బాబాయ్, పార్సిల్ వచ్చిందా?"

"వచ్చింది తల్లీ. చిన్నపిల్లాడిలా ముద్దుగా ఉంది. ఏంటిది?"

"కొత్త... మీటరు బాబాయ్."

"అలాగా. చెప్పు, ఎక్కడ పెట్టమంటావు?"

"పెద్ద పెట్టెకి ఎడంపక్క."

"అక్కడొద్దు తల్లీ. వానొస్తే ఆ గోడమ్మట నీళ్లు దిగుతాయి, పాడైపోతుంది. కుడిపక్క పెడతా. నీ వస్తువు నాలుగు కాలాలు ఉండొద్దూ?"

ఆమె సరేనంది. ఆయన కళ్లజోడు వెతుక్కోవడం, భార్యని స్టూలు పట్టుకోమని అరవడం, మరలు ఒక్కొక్కటీ బిగిస్తూ లోలోపల గొణుక్కోవడం అన్నీ ఫోన్లో వినపడ్డాయి. కరెంటు ఆపించి, ఏ తీగ ఎక్కడ పెట్టాలో రంగులతో చెప్పింది. ఆయన ప్రతిదీ రెండుసార్లు అడిగి మరీ పెట్టాడు. మిగతా పంపుహౌసుల్లో తీగ తప్పు పెట్టినవాళ్లున్నారు, పెట్టెని వేలాడదీసి వదిలేసినవాళ్లున్నారు. ఈయన మాత్రం పని అయ్యాక పైన ఒక రేకుముక్క వంచి చూరులా కూడా పెట్టాడు. మీటరు తడవకూడదని.

"కరెంటు వేసి, ఇక దేన్నీ ముట్టుకోకండి బాబాయ్. నేను ఇక్కణ్ణించి చూస్తాను," అంది ఆమె.

తెరమీద మీట నొక్కింది. ఫోన్లో మోటారు రొద ఆగిపోయింది. తర్వాత 'టక్' మని చిన్న చప్పుడు. పెద్ద పెట్టె లేచింది, మోటారు లేచింది, చుక్క పచ్చబడింది.

"ఓర్నీ!" అన్నాడు బాబాయి. "అల్లుణ్ణి నువ్వే లేపేశావే! నేను స్విచ్చి ముట్టుకోనేలేదు!" ఆయన వెనక్కి తిరిగి భార్యకి అరిచాడు: "ఇక మనం పరిగెత్తక్కర్లేదే! అమ్మాయే అక్కణ్ణించి చేసేస్తుందంట! నా మోకాళ్లు బతికాయి!"

ఆమె ఏదో వంక చెప్పి ఫోన్ పెట్టేసి, బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత వానాకాలం వెళ్లకముందే ఉత్తర్వులు వచ్చాయి. కాపలాదారులు ఇక అక్కర్లేదు, గదులు ఖాళీ చేయాలి. ఆయన ఫోన్ చేశాడు. పెట్టె కోసం కాకుండా ఆయన తనంతట తాను ఆమెకి ఫోన్ చేయడం అదే మొదలు.

"తల్లీ, కాయితం వచ్చింది. ఆ మీటరు మీటరు కాదంటగా?"

పక్క కుర్చీ ఆయనకి వినపడకుండా ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"నీకు ముందే తెలుసా?"

నిజం చెప్పడానికి ఆ ఒక్క నిమిషమే ఉందని ఆమెకి తెలుసు. తెలిసే అంది: "లేదు బాబాయ్. నాకూ చెప్పలేదు."

"అదే అన్నాను మీ పిన్నితో. తెలిస్తే నువ్వు చెప్పకుండా ఉంటావా?" ఆయన గొంతు తేలికపడింది. "నువ్వు బెంగపెట్టుకోకు. పెద్దవాళ్ల పనులకి నువ్వేం చేస్తావు?"

తననే ఓదారుస్తున్నాడు! తిట్టినా భరించేదేమో గాని, ఆ ఓదార్పుని భరించలేకపోయింది.

వారం తర్వాత కాపలాదారులు నలుగురైదుగురు కలిసి పెద్దసారుకి చెప్పుకోవడానికి కార్యాలయానికి వచ్చారు. వరండాలో మాటలు వినగానే ఆమె ఒక గొంతుని గుర్తుపట్టింది. లేచి వెళ్లేలోపే పెద్దసారు గదిలోకి పిలుపొచ్చింది. వీళ్లకి పెట్టె సంగతి కాస్త అర్థమయ్యేట్టు చెప్పాలట.

బాబాయిని పొడుగ్గా ఊహించుకుంది ఇన్నేళ్లూ. ఆయన పొట్టిగా, బక్కపల్చగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గది బయటే విప్పి వచ్చాడు. ఆమె "నమస్కారమండీ" అనేసరికి ఆ గొంతు విని ఆయన మొహం విప్పారింది.

"తల్లీ, నువ్వేనా!"

"ఈవిడ మీకు తెలుసా?" అన్నాడు పెద్దసారు ఉత్సాహంగా. "అయితే మరీ మంచిది. ఈ ఏర్పాటంతా ఈవిడ బుర్రలోంచి వచ్చిందే. మీటింగులో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించింది. మీతో బిగింపించింది కూడా ఈవిడే కదా."

పెద్దసారు నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు. అందులో ఏ కుట్రా లేదు.

బాబాయి ఆమె వంక చూశాడు. ఆమె బల్ల మీది గాజుపలక వంక చూసింది. ఆయన, "అలాగాండీ," అన్నాడు పెద్దసారుతో. తర్వాత ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "మంచిదండి మేడమ్. మీరు బాగా చదువుకున్నారు."

అన్నేళ్ల 'నువ్వు' ఆ గదిలో ఆ ఒక్క మాటతో 'మీరు' అయిపోయింది.

ఉద్యోగం ఎలాగూ పోయింది, భార్య ఈమధ్యే మంచాన పడింది, ఈ వానలు తగ్గేదాకా గదిలో ఉండనివ్వమని అడిగాడు ఆయన. పెద్దసారు విచారంగా తల అడ్డంగా ఊపాడు. కరెంటు యంత్రాలున్న చోట బయటివాళ్లు ఉండకూడదని నిబంధన.

"బయటివాళ్లా," అన్నాడు ఆయన. అడిగినట్టు కాదు, ఆ మాట తనకి ఎలా ఉందో ఒకసారి నోట్లో వేసుకుని చూసినట్టు. మిగతావాళ్లతో కలిసి బయటికి నడిచాడు.

ఆమె తర్వాత చేసిన ఫోన్లు ఆయన ఎత్తలేదు. కొన్నాళ్లకి ఆ నంబరే లేకుండా పోయింది. ఆయన ఒక పెద్ద ఆసుపత్రి దగ్గర బండ్లు నిలిపేచోట పనికి కుదిరాడని ఇంకో కాపలాదారు ద్వారా తెలిసింది. వెళ్లాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడి, చివరికి ఒక మధ్యాహ్నం తన స్కూటర్ మీద వెళ్లింది. ఎండలో, ఈల మెడలో వేసుకుని, రెండు వరసల బండ్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి గుర్తుపట్టనట్టు నటించలేదు. టోకెన్ చింపి అందించాడు.

"పక్కకి పెట్టండి మేడమ్. దారికి అడ్డం రాకుండా."

"బాబాయ్, పిన్ని ఎలా ఉంది?"

"ఉంది. అద్దెగదిలో నిద్ర పట్టడం లేదంటుంది. చెవులు వినపడకపోయినా మోటారు తిరుగుతుంటే మంచం అదిరేదట. ఇప్పుడు అదరదు కదా."

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. నాకు ముందే తెలుసు."

"తెలిసిందిలెండి."

"నన్ను తిట్టండి బాబాయ్. ఏదో ఒకటి అనండి."

ఆయన ఈల చేతిలోకి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. "తిట్టడానికి మీరు నాకెవరండీ?" అన్నాడు. కోపంగా కాదు. "సొంతవాళ్లనైతే తిడతాం. మీరు ఆఫీసువాళ్లు. మీ పని మీరు చేశారు. నాకు ముందే చెప్పుంటే నేనేం చేసేవాణ్ణి? ఏమీ చేసేవాణ్ణి కాదు. అప్పుడు కూడా మీ పెట్టె బిగించేవాణ్ణి. తెలిసి బిగించేవాణ్ణి, అంతే." కాస్త ఆగి, "వెనకాల బండ్లు ఆగిపోయాయి, మీరు తీయండి," అన్నాడు. ఈల వేసి అవతలి వరసలోకి వెళ్లిపోయాడు.

ఆమె తెచ్చిన పళ్లసంచి స్కూటరుకే వేలాడుతూ తిరిగి ఇంటికొచ్చింది.

పంపులు బాగానే నడిచాయి. ఏదో ఒక పెట్టె కాలిపోవాలని, ఏదో ఒక పైపు పగిలి ఊరంతా గగ్గోలెత్తాలని, పెద్దసారు నోటితో 'మనుషుల్ని తీసేసి తప్పుచేశాం' అనిపించాలని ఆమె ఎన్ని రోజులు కోరుకుందో లెక్కలేదు. అలాంటిదేమీ జరగలేదు. ఒకసారి గాలివానకి సగం చుక్కలు ఎర్రబడితే ఆమె గుండె ఆశతో కొట్టుకుంది. కాంట్రాక్టు వాళ్ల వ్యాను వెళ్లింది, సాయంత్రానికల్లా అన్నీ పచ్చబడ్డాయి. ఊళ్లో ఎవరికీ నీళ్లు ఆగలేదు. కాపలాదారులు ఉండేవారన్న సంగతి కూడా ఊళ్లో ఎవరికీ తెలియదు కాబట్టి, వాళ్లు లేరని ఎవరూ అడగలేదు.

ఆమెకి పెద్ద కుర్చీ వచ్చింది. ఇప్పుడు పొరుగు జిల్లాల పంపులు కూడా ఆమె గది నుంచే నడుస్తాయి. అక్కడ కొత్తగా చేరిన కుర్రాళ్లు పని నేర్చుకోవడానికి ఫోన్ చేస్తారు. ఈమధ్య ఒకడు మొదటి రోజే చనువుగా, "అక్కా, ఈ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదక్కా," అన్నాడు.

"అక్కా అనొద్దు. మేడమ్ అనండి," అంది ఆమె.

మనిషికి కుర్చీతోపాటు పొగరు కూడా వచ్చిందని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆ మాట ఆమె దాకా వచ్చింది. కాదని ఎవరికీ చెప్పలేదు.